పట్టమునకుఁ గాలనియమము: న్యూయార్కు నగర విశ్వవిద్యాలయ చరిత్రనుండి యొక విచారణ

విద్యాపరిసమాప్తికిఁ గాలమెంత యను ప్రశ్నము మనకుఁ గ్రొత్తది కాదు. మనుస్మృతి తృతీయాధ్యాయారంభమున గురుకులవాసమునకు 36 ఏండ్లని యొక పక్షమును, అందు సగమని యొక పక్షమును, నాలవపాలని వేఱొక పక్షమును జెప్పఁబడి, తుదకు గ్రహణాంతిక మను పక్షము కూడఁ జెప్పఁబడినది. అనఁగా, విద్య పట్టువడు నంతవఱకు నని యర్థము. విద్యను గొలుచుటకుఁ గాలమొకటి, గ్రహణమొకటి, ఇట్లు రెండు కొలమానములు గలవని మన పూర్వు లెఱింగియే యుండిరి. ఆధునిక విశ్వవిద్యాలయములు ఈ రెంటిని ముడివెట్టి, ఇన్నియేండ్లలో నింతవిద్య యని నియమించినవి. ఈ ముడి బిగిసినపిమ్మట నొక క్రొత్త చిక్కు పుట్టినది. విద్యను గ్రహింపఁగల శక్తి యుండియుఁ గాలమునకుఁ బట్టము నందలేనివాని సంగతి యేమి?

మన నుడికారమే యీ ప్రశ్నమున కొక తీర్పు చెప్పుచున్నది. "వాఁడు పరీక్ష తప్పినాఁడు" అందుము. ఆ వాక్యమునఁ గర్త విద్యార్థియే; తప్పు వానిదే. కళాశాల గాని, ఇల్లు గాని, దారిబత్తెము గాని యా వాక్యములోఁ గానరావు. ఈ తీర్పు సరియైనదేనా యని పరిశీలించుటకు న్యూయార్కు నగర విశ్వవిద్యాలయ చరిత్ర మిక్కిలి యుపకరించును. ఆ విద్యాలయము పేదవారికి ద్వారము తెఱచుట యెట్లను ప్రశ్నముతోఁ బుట్టి, లోనికి వచ్చినవానిని గాలమునకు బయటఁ జేర్చుట యెట్లను ప్రశ్నమునకు వచ్చినది. ఈ రెండు ప్రశ్నముల నడుమ నూట యఱువదియేండ్ల దూరము కలదు.

క్రెడిటు పద్ధతి

ముందుగాఁ గాలనియమ మన నేమో తెలియవలెను. అమెరికా సంయుక్తరాష్ట్రములలోఁ బట్టమునకుఁ గొలబద్ద క్రెడిటు. వారమునకు గంట చొప్పున నొక సెమిస్టరు పాఠము విని యుత్తీర్ణుఁడైనచో స్థూలముగా నొక క్రెడిటు వచ్చును. ఈ లెక్క యంతయు నొక్కనాఁడు పుట్టినది కాదు. 1869 మొదలు 1909 వఱకు హార్వర్డు విశ్వవిద్యాలయాధ్యక్షుఁడుగా నుండిన చార్లెసు విలియం ఎలియట్టు, విద్యార్థి తనకు నచ్చిన పాఠముల నేఱుకొనవచ్చునను పద్ధతిని వ్యాపింపఁజేసెను. అందఱు నొకే పాఠమును జదివిన దినములలో సంవత్సరములను లెక్కించినఁ జాలును. ఒక్కొక్కఁ డొక్కొక త్రోవను బట్టిన పిదపఁ బాఠములనే లెక్కింపవలసి వచ్చెను. 1905 లో ఆండ్రూ కార్నెగీ ఆచార్యుల పింఛనులకై కోటి డాలర్ల నిధి నేర్పఱుపఁగా, పింఛనునకుఁ దగిన కళాశాల యెట్టిదో నిర్ణయించుటకై యా నిధిని బాలించు సంస్థ గంటల లెక్కను బ్రోత్సహించెను. ఇట్లు వృద్ధాచార్యుల భృతికై యుద్దేశింపఁబడిన నిధి, విద్యార్థుల చదువును గొలుచు పద్ధతి స్థిరపడుటకుఁ దోడ్పడెను.

సాధారణముగా నాలుగేండ్ల పట్టమునకు 120 క్రెడిట్లును, అసోసియేటు పట్టమనెడి రెండేండ్ల పట్టమునకు 60 క్రెడిట్లును గావలెను. ఏఁటికి రెండు సెమిస్టరులు గాన, కాలమునకు ముగింపఁదలచినవాఁడు సెమిస్టరునకు 15 క్రెడిట్లు చదువవలెను. అయితే ప్రభుత్వపు ధనసహాయ నిబంధనలలో 12 క్రెడిట్లు చదువువాఁడే పూర్ణకాల విద్యార్థి యని యెంచఁబడును. 12 ను 8 చే గుణింపఁగా 96 మాత్రమే యగును. నియమములను జక్కఁగాఁ బాటించి, ప్రతిపాఠమునందు నుత్తీర్ణుఁడై, ఒక్క దినమును వృథాపుచ్చనివాఁడు సైతము నాలుగేండ్లకు 24 క్రెడిట్ల కొఱఁతతో నిలుచును. అనఁగా నిఁక నొక యేఁడు. ఈ యేఁడు విద్యార్థి యలసతవలనఁ గలిగినది కాదు; రెండు లెక్కలు పొసఁగకుండుటవలనఁ గలిగినది.

దీనికి మఱియొక భారము తోడగును. ప్రవేశపరీక్షలో గణితమునందో, భాషయందో వెనుకఁబడినవారు ముందుగాఁ బూరకపాఠములు చదువవలెను. వానికి శ్రమయుఁ గాలమును వ్యయమగును గాని, పట్టమునకు లెక్కింపఁదగిన క్రెడిట్లు సాధారణముగా రావు.

1990 లో నా దేశపు శాసనసభ యొక చట్టము చేసి, కళాశాలలు తమ విద్యార్థులలో నెందఱు పట్టములు పొందిరో ప్రకటింపవలె ననెను. అందు నియతకాలమునకు ఒకటిన్నర రెట్ల గడువు గొలమానముగాఁ గైకొనఁబడినది: రెండేండ్ల పట్టమునకు మూఁడేండ్లు, నాలుగేండ్ల పట్టమునకు ఆఱేండ్లు. కాలాతిక్రమము సామాన్యమైనదని చట్టమే యంగీకరించినట్లయ్యెను. అయినను దీనివలన నొక మేలు గలిగెను. అంతవఱకు నెవరి కంటఁబడక జారిపోయినవారు అంకెలలోఁ గానఁబడఁజొచ్చిరి.

ద్వారము తెఱచుట

ఇఁక న్యూయార్కు కథ. ధనికుల బిడ్డలకుఁ గళాశాలలుండఁగాఁ బనివారి బిడ్డలకు లేకుండుట తగదని టౌన్సెండు హారిసు మొదలగువారు వాదింపఁగా, 1847 లో నగర ప్రజలు ఓటుచేసి ఫ్రీ అకాడమీ యను విద్యాలయమును సమ్మతించిరి. 1849 జనవరిలో నది తెఱవఁబడెను. ఈ హారిసే తరువాత జపానునందు అమెరికాకు మొదటి రాయబార ప్రతినిధి యయ్యెను. ఆ విద్యాలయమున బోధన రుసుము, మన బడులలోఁ బూర్వము వాడుకగా జీతమనఁబడునది, లేదు. అదియే తరువాత సిటీ కాలేజీ యయ్యెను. స్త్రీలకై 1870 లోఁ బుట్టిన పాఠశాల హంటరు కాలేజీగా వృద్ధిపొందెను. 1961 లో నగరమునందలి యిట్టి కళాశాల లన్నియు నొక్క విశ్వవిద్యాలయముగాఁ గూర్పఁబడెను.

జీతము లేకున్నను బ్రవేశము సులభము గాకుండెను. స్థలము తక్కువయు, కోరువారు ఎక్కువయు నగుటచే మార్కుల కట్టుబాటు బిగిసెను. నల్లజాతివారును, పోర్టోరికో వారును నగరమున హెచ్చుగా నున్నను గళాశాలలో మిక్కిలి తక్కువగా నుండిరి. 1969 వసంతమున నా విద్యార్థులు సిటీ కాలేజీలో గొప్ప యాందోళనము సలిపిరి. దాని ఫలముగా, 1975 నాఁటికి జరుపఁదలఁచిన సార్వజనిక ప్రవేశము 1970 లోనే యమలులోనికి వచ్చెను. నగరపు ఉన్నతపాఠశాలలలో నుత్తీర్ణులైనవారి కెల్ల విశ్వవిద్యాలయమున నెందైన నొకచోటు దొరకు నని నియమము. ఆ యేఁడు సుమారు 35,000 మంది క్రొత్తగాఁ జేరిరి. ఇది ముందటి యేఁటికంటె నూటికి 75 వంతులు హెచ్చు.

పిమ్మట మూఁడు దెబ్బలు వరుసగాఁ దగిలినవి. అంతమందికిఁ దగిన గదులుగాని, ఉపాధ్యాయులుగాని, పూరకపాఠముల యేర్పాటుగాని తగినంత లేకుండెను, ఇది మొదటిది. 1970 దశాబ్దమధ్యమున నగరము దివాలాయంచునకుఁ జేరఁగా, 1976 లో బోధన రుసుము విధింపఁబడెను. 129 ఏండ్ల సంప్రదాయ మట్లు ముగిసెను. 1990 దశాబ్దాంతమునఁ బూరకపాఠములు నాలుగేండ్ల కళాశాలలనుండి తొలఁగింపఁబడఁగా, వెనుకఁబడిన విద్యార్థుల భారమంతయుఁ గమ్యూనిటీ కాలేజీలనెడి రెండేండ్ల కళాశాలలపైఁ బడెను. ఇట్లు ద్వారము తెఱచియే యున్నది; లోపలి త్రోవ మాత్రము నానాఁటికి నిఱుకయ్యెను. చేరినవారు వేలు, మూఁడేండ్లకుఁ బట్టముతో వెలువడినవారు కొలఁది. చేర్చుకొనుటయే న్యాయ మని యెంచిన తరమునకుఁ జేర్చుకొనుట సగము న్యాయమే యని తెలియుటకు ముప్పది యేండ్లకుఁ బైగాఁ బట్టినది.

2007 నాఁటి ప్రయత్నము

2007 లో నగరపాలకుల దారిద్ర్యనివారణ నిధి సాయముతో విశ్వవిద్యాలయము తన కమ్యూనిటీ కాలేజీలలో నొక కార్యక్రమమును మొదలిడెను. అసోసియేటు పట్టములకు త్వరితాధ్యయనమని దాని పేరు. ఆంగ్లాక్షరముల సంక్షేపము ఏసాపు. ఆ యక్షరములే యాంగ్లమున "వీలైనంత త్వరగా" నను నర్థమునకు వాడుకలో నున్నవి. చేరినవారిలో సగముమందికైన మూఁడేండ్లలోఁ బట్టము నందఁజేయుట దాని గుఱి.

అందేమి యొసఁగిరి? ప్రభుత్వసహాయము పోఁగా మిగిలిన బోధన రుసుమును మాన్పిరి. పాఠ్యపుస్తకములకు వెల లేకుండఁజేసిరి. నగరపు బస్సులలోను, భూగర్భపు రైళ్లలోను బ్రయాణము చేయుటకు నెలనెల మెట్రోకార్డు నిచ్చిరి. సాధారణముగా నొక సలహాదారునకు 600 మొదలు 1,500 మంది విద్యార్థులుండఁగా, ఇచట 60 మొదలు 80 మంది మాత్రమే యుండునట్లు చేసిరి. పనికిఁ బోవువారి సౌకర్యమునకై పాఠములను దినములో నొక్కచోటఁ జేరునట్లు కూర్చిరి. ఉద్యోగములను గుఱించి చెప్పువారిని, చదువు చెప్పి సాయపడువారిని నియమించిరి.

అందేమి కోరిరి? ప్రతి విద్యార్థియుఁ బూర్ణకాలము చదువవలెను. పూరకపాఠములను వాయిదావేయక మొదటనే ముగింపవలెను. సలహాదారుని తఱచుగాఁ గలిసికొనవలెను. మెట్రోకార్డు ఊరక చేతికి వచ్చెడిది కాదు. సలహాదారుని గలిసికొనుట మొదలగు నియమములు జరపినవానికే వచ్చెడిది. ఈ సంధానము మిక్కిలి యోచనతోఁ గూర్పఁబడినది. దానము, నియమము రెండును నొక్కచీటిలోనే యిమిడినవి.

దారిబత్తెమునకును బట్టమునకును సంబంధమేమి యని యాశ్చర్యపడువారు మన విద్యాచరిత్రము నొకమాఱు స్మరింపవలెను. నలందావిహారమునకు వందకుఁ బైగా గ్రామముల యాదాయముండెననియు, వస్త్రము, అన్నము, పడక, ఔషధము అను నాలుగింటికై విద్యార్థులు యాచింప నక్కఱలేకుండుటయే వారి విద్యాపరిపూర్తికిఁ గారణమనియు హ్యూయన్‌త్సాంగు చరిత్రకారుఁడు వ్రాసినాఁడు. కాకతీయుల కాలమున 1261 నాఁటి మల్కాపురశాసనమునందు మఠముతోపాటు విద్యార్థుల పోషణమునకును, అన్నసత్రమునకును, ప్రసూతిశాలకును భాగము లేర్పఱుపఁబడినవి. ఇఁక వారములు చేసికొని చదువుకొన్నవారి మాట మన యిండ్ల పెద్ద లెందఱో యెఱుఁగుదురు. సోమవార మొకరియింట, మంగళవార మొకరియింటఁ బూఁటకూడు దొరకనియెడల నెన్ని శాస్త్రములు మధ్యలోనే నిలిచిపోయెడివో! అన్నము పెట్టిన గృహిణి యమరమునుగాని వ్యాకరణమునుగాని చెప్పినది కాదు. అయినను ఆ విద్యలో నామెకుఁ బాలు గలదు. న్యూయార్కులోని మెట్రోకార్డు మన వారపు భోజనమునకు దూరపు చుట్టము.

పరీక్ష

సదుద్దేశముతోఁ జేసిన ప్రతిపనియు సత్ఫలము నిచ్చె నని చెప్పుకొనుట లోకసహజము. పట్టుదలగలవారే యిట్టి కార్యక్రమమునఁ జేరుదురు గాన, వారెటులైన గెలిచెడివారే యని యాక్షేపింపవచ్చును. ఈ సందేహమును దీర్చుటకు 2010 లో ఎం.డి.ఆర్.సి. యను పరిశోధనసంస్థ మూఁడు కళాశాలలలో, అనఁగా మన్‌హాటను, కింగ్సుబరో, లగార్డియా కళాశాలలలో, నొక పరీక్ష జరపెను. తక్కువ యాదాయముగలవారును, పూరకపాఠములు గావలసినవారును నైన 896 మంది విద్యార్థులను గైకొని, చీట్లువేసిన చందమున రెండు తెగలుగా విభజించిరి. ఒక తెగకుఁ గార్యక్రమమును, రెండవ తెగకుఁ గళాశాలలో నందఱకు నుండు సామాన్యసదుపాయములును లభించినవి. చేరుట విద్యార్థి యిచ్ఛచే గాక చీటిచే నిర్ణయమగుటవలన, పట్టుదలగలవారు రెండు తెగలందును సమముగా నుందురు.

మూఁడేండ్లు గడచునప్పటికిఁ గార్యక్రమమునఁ బడినవారిలో నూటికి 40 మంది పట్టము నందిరి. రెండవ తెగలో 22 మంది. నాలుగేండ్ల కళాశాలలకు మాఱినవారు మొదటి తెగలో నూటికి 25 మంది, రెండవ తెగలో 17 మంది. ఇవి 2015 లోఁ బ్రకటింపఁబడిన లెక్కలు. ఆలస్యముగానైనను రెండవ తెగవారు వీరిని గలిసికొందురేమో యను ననుమానము మిగిలినది. ఆఱేండ్లకు మరల లెక్కింపఁగా మొదటి తెగ సుమారు 51, రెండవ తెగ 41. అంతరము 18 నుండి 10 కి తగ్గినది. దీనినిబట్టి రెండు సంగతులు తేలుచున్నవి. కొందఱు తాము తరువాత నందఁబోవు పట్టమునే ముందుగా నందిరి. మఱి కొందఱు ఆ యాఱేండ్లలో నందకపోయెడి పట్టము నందిరి. ముందుగా నందుటయుఁ జిన్న ఫలము గాదు. పేదయింటిలో నొక సంవత్సరపు జీతరుసుము మిగులుటయు, నొక సంవత్సరపు సంపాదనము చేరుటయు నెంతటివో యెఱుఁగనివారు లేరు.

వ్యయ మెంత? మూఁడేండ్లలో నొక్కొక విద్యార్థికి సుమారు 16,300 డాలర్లు హెచ్చుగా వ్యయమైనది. సామాన్యవ్యయముకంటె నూటికి 60 వంతులు హెచ్చు. అయితే వ్యయమును విద్యార్థుల సంఖ్యచే గాక, లభించిన పట్టముల సంఖ్యచే భాగించి చూచినచో, ఒక్కొక పట్టమునకుఁ బడిన వ్యయము నూటికి 11 వంతులు తక్కువ. సగము త్రోవలో విడిచిన చదువులపైఁ బెట్టిన ధనము కనఁబడని వ్యయ మగుటయే యిందులకుఁ గారణము.

ఒక నగరమున జరిగినది వేఱొకచోట జరుగునా యని ఒహయో రాష్ట్రమునందలి మూఁడు కళాశాలలలో నట్టి పరీక్షనే మరల జరపిరి. అచటను మూఁడేండ్లకు నూటికి 35 మందియు 19 మందియు నని తేలినది. 2015 లో న్యూయార్కునందు జాన్ జే కాలేజీలో నాలుగేండ్ల పట్టమునకు నిట్టి కార్యక్రమమును బ్రారంభించిరి.

పూర్వపక్షములు

ఇందుపై మూఁడాక్షేపములు వినఁబడును. త్వరితముగాఁ బట్ట మిచ్చుట విద్యాప్రమాణమును దిగఁజార్చుట యని మొదటిది. ఇది నిలువదు. ఆ కార్యక్రమము పాఠములను మార్పలేదు; పరీక్షలను సులభము చేయలేదు; ఉపాధ్యాయుల బోధనను బెద్దగా ముట్టలేదు. రెండు తెగలవారును నవే కళాశాలలలో, నవే నియమములకు లోఁబడి చదివిరి. మాఱినది తరగతి గది వెలుపలి ప్రపంచము. గ్రహణాంతికపక్షమునకు లోపము గలుగలేదు. గ్రహణమునకు నడ్డువచ్చినవి మాత్రమే తొలఁగింపఁబడినవి.

విద్యార్థులను జంకలెత్తి నడపించినచో వారెన్నఁటికి నడక నేర్వరని రెండవది. ఇందుఁ గొంత నిజము గలదు. కాని యిచటి సాయము నియమముతోఁ గూడినదని పైన జూచితిమి. ధనికుని కొడుకునకుఁ ద్రోవ చెప్పుటకుఁ దండ్రియు, మేనమామయు, మిత్రులును గలరు. ఏ పాఠము ముందు, ఏ పాఠము వెనుక యని చెప్పువారు లేని విద్యార్థికి సలహాదారుఁ డొకఁడు తోడుండుట యూఁతకోల యగునే గాని పల్లకి గాదు.

మూఁడవది బలమైనది. 40 అను నంకెను జూచి సంతోషించునపుడు తక్కిన 60 ని మఱవరాదు. అంత సాయము లభించినను బెక్కుమంది మూఁడేండ్లకు ముగింపలేకపోయిరి. మఱియుఁ బూర్ణకాలము చదువవలెనను నియమము, బిడ్డలను బెంచుకొనుచు, దినమంతయుఁ బనిచేయుచుఁ జదువువారిని మొదటనే బయట నుంచును. కాలనియమమే వారిపాలిటికిఁ గ్రొత్తగడప. దీనికి సమాధాన మా కార్యక్రమమునందు లేదు. అట్టివారికి వేఱుమార్గ మాలోచింపవలసినదే.

జార్జియా రాష్ట్ర విశ్వవిద్యాలయము వేఱుదిక్కునుండి యీ పనినే పట్టినది. రుసుములోఁ గొలఁదిసొమ్ము తక్కువైనందుననే ముగింపునకుఁ జేరువైన విద్యార్థులు సైతము పేరు తొలఁగింపఁబడి వెడలిపోవుచుండి రని గమనించి, 2011 నుండి యట్టివారికిఁ జిన్నమొత్తములను ఈయసాగెను. 2012 నుండి ప్రతివిద్యార్థి మార్కులను, పాఠముల యెంపికను గణనయంత్రములచే ననుదినము పరిశీలించి, త్రోవ తప్పుచున్నట్లు తోఁచినవానిని సలహాదారు పిలిపించు పద్ధతి పెట్టెను. 2003 లో నూటికి 32 గా నుండిన యాఱేండ్ల పట్టసంఖ్య తరువాతి దశాబ్దమున 50 ని దాఁటెను. ఇచటఁ జీట్లువేసిన పరీక్ష వంటిది మొదట లేదు గాన, ఏ కారణ మెంత పనిచేసినదో విభజించి చెప్పుట కష్టము. కాని కారణములు విద్యార్థి బుద్ధియందు మాత్రమే లేవని యిదియు సాక్ష్య మిచ్చుచున్నది.

ఉపసంహారము

పై చరిత్రవలనఁ దేలిన దేమనఁగా, పట్టమునకుఁ గాలనియమము విధించిన విద్యాలయము ఆ నియమమును దాను గూడ మోయవలెను. ఇన్నియేండ్లలో ముగింపుమని విద్యార్థి నాజ్ఞాపించువాఁడు, ఇన్నియేండ్లలో ముగింపఁదగిన త్రోవను జూపువాఁడు గావలెను. న్యూయార్కు విద్యాలయమునకు 1847 లో నొక్క న్యాయము తెలిసినది. 2007 లో రెండవది తెలిసినది. మొదటిది లేక రెండవది యసంభవము. రెండవది లేక మొదటిది యసంపూర్ణము.

మన దేశమున 2020 నాఁటి జాతీయవిద్యావిధానము చదువును మధ్యలో విడుచుటకును, మరల వచ్చి చేరుటకును వీలు కల్పించినది. 2024 లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము పట్టకాలమును విద్యార్థి కుదించుకొనుటకును, పొడిగించుకొనుటకును గూడ సమ్మతించినది. ఇవి ద్వారములు; మంచివే. కుదించుకొనువాఁ డెవఁడు, పొడిగించుకొనువాఁ డెవఁడు, పొడిగించుకొనుట వాని యిచ్ఛయా, యిక్కట్టా యను ప్రశ్నము మాత్రము త్రోవను గూర్చినది. దానికిఁ జట్టము సమాధానము చెప్పఁజాలదు.

సమాధానము చెప్పఁగలవి కళాశాలల పట్టికలు. ప్రతి కళాశాలయందును బ్రవేశపు రిజిస్టరు గలదు. పరీక్షాఫలితముల రిజిస్టరు గలదు. ఈ రెంటిని బ్రక్కప్రక్కనుంచి, ఏ యేఁడు చేరినవారిలో నెందఱు కాలమునకు ముగించిరి, ఎందఱు తరువాత ముగించిరి, ఎందఱు కనఁబడకపోయిరి యని లెక్కించుట కష్టసాధ్యము గాదు. శాసనములను జదివి రాజుల దానములను లెక్కించిన పండితులకు నిది పెద్దపని గాదు. కనఁబడకపోయినవారి పేళ్లకెదురుగాఁ గారణమును వ్రాయు గడి యొకటి చేర్చినచో మఱియు మేలు. అట్టి పట్టికలు పది కళాశాలలలో సిద్ధమైననాఁడు, "పరీక్ష తప్పినాఁడు" అను వాక్యమునకుఁ గర్త యొక్కఁడేనా, పలువురా యని నిశ్చయించి చెప్పవచ్చును.